మా మియాటాలో 1.6 తీసి 1.8 ఇంజిన్ ఎక్కించిన కథ: నా అనుభవం

ఇంజిన్ మార్చానని చెప్పగానే అందరూ మొదట అడిగేది ఒకటే: ఎన్ని హార్స్‌పవర్ పెరిగింది? మా 1990 మాజ్దా మియాటా (రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు) విషయంలో కాగితం మీద సమాధానం 12. పాత 1.6 లీటర్ ఇంజిన్‌కి కంపెనీ చెప్పింది 116, ఇప్పుడు ఎక్కించిన 1.8కి 128. ఆ పన్నెండు కోసం 2023 అక్టోబర్ నుంచి 2024 ఏప్రిల్ దాకా మా గరాజ్‌లో సగం ఆ కారుకే రాసిచ్చాం. మూడు వేల డాలర్లకు దగ్గరగా అయింది. అందులో ఇంజిన్‌కి అచ్చంగా పడింది తక్కువే. మిగతాదంతా ఎటు పోయిందో, ఎక్కడెక్కడ పని ఆగిందో, మట్టి మీద దిగాక తేడా ఏం తెలిసిందో రాస్తున్నాను.

మేముండేది డెట్రాయిట్ శివార్లలో. కారు ఉన్నది ర్యాలీక్రాస్ కోసం. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వాళ్ళు నడిపే ఆటవిడుపు పోటీ ఇది. మట్టి, గడ్డి ఉన్న మైదానంలో కోన్లు పెట్టి దారి గీస్తారు, ఒక్కో కారు విడిగా వెళ్తుంది, టైము చూస్తారు. తారు మీద జరిగే ఆటోక్రాస్‌లో మంచి రన్ను ఒక్కటి పడితే చాలు. ఇక్కడ అలా కుదరదు, రోజంతా చేసిన రన్నులన్నిటి టైమూ కలుపుతారు. కోన్ తగిలితే 2 సెకన్లు, గేటు, అంటే రెండు కోన్ల మధ్య దారి, తప్పితే 10 సెకన్లు అదనం. అందుకని కారు ఎంత వేగంగా వెళ్తుందన్న దానికన్నా సాయంత్రం దాకా ఆగకుండా నడుస్తుందా అన్నదే ముఖ్యం. మాది అక్కడే దెబ్బతింది.

సెప్టెంబర్ ఈవెంట్‌లో మధ్యాహ్నం నుంచి బెల్టు కీచుమనడం మొదలైంది. చాలా ఏళ్ళుగా మియాటాలు నడుపుతున్న ఒక పెద్దాయన బానెట్ ఎత్తమని, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ముందు క్రాంక్ పుల్లీని, అంటే ఇంజిన్ ప్రధాన ఇరుసు (క్రాంక్) చివర బెల్టు తిప్పే చక్రాన్ని, చూడమన్నాడు. పుల్లీ తిన్నగా తిరగడం లేదు, అటూ ఇటూ ఊగుతోంది. పుల్లీకి నాలుగు గాళ్ళు ఉన్నాయా, ఎనిమిదా అని అడిగాడు. లెక్కపెడితే నాలుగు. ఆయన ఏమీ అనకుండా తల ఊపి నా భుజం తట్టాడు. నాకు విషయం అర్థమైంది.

మియాటా మొదటి రెండేళ్ళ కార్లలో, అంటే 1990, 91 తొలి భాగంలో వచ్చిన వాటిలో, క్రాంక్ ముందు ముక్కు పొట్టిగా ఉండేది. పుల్లీని పట్టి ఉంచే బోల్టు వదులైతే లోపలి కీ (క్రాంక్ మీద చక్రం జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క), దాని గాడి అరిగిపోతాయి. వాల్వులని క్రాంక్‌తో సమయానికి నడిపించే టైమింగ్ బెల్టు గేరు కూడా ఆ కీ మీదే నిలుస్తుంది కాబట్టి టైమింగ్ కూడా జరుగుతూ పోతుంది. కొద్దిగా అరిగితే లాక్‌టైట్ 660 అనే జిగురు పోసి కొత్త కీ పెట్టి బిగించే వైద్యం ఒకటుంది, చాలామందికి ఏళ్ళ తరబడి పనిచేసింది కూడా. మాది విప్పి చూస్తే గాడి ఒక పక్క చిట్లి, గోరు పట్టేంత వెడల్పైంది. ఇక రెండే దారులు. ఇంజిన్ దించి క్రాంక్ మార్చడం, లేదా వేరే ఇంజిన్ వేయడం. ఎటూ దించాల్సిందే అయినప్పుడు మళ్ళీ 1.6 ఎందుకు? 1994 నుంచి 97 దాకా వచ్చిన మియాటాల్లోని 1.8 అవే మౌంట్ల మీద కూర్చుంటుంది, అదే గేర్‌బాక్స్‌కి కలుస్తుంది.

ఒక చిక్కు మాత్రం ముందే తెలుసు. ఇప్పటిదాకా స్టాక్ రియర్ క్లాసులో, అంటే వెనక చక్రాలతో నడిచే, పెద్దగా మార్పులు చేయని కార్ల విభాగంలో నడిపాం. ఇంజిన్ మారిస్తే మాడిఫైడ్ రియర్‌లోకి పోవాలి. అక్కడ టర్బోలు పెట్టుకున్నవాళ్ళు, పెద్ద బీఎండబ్ల్యూల వాళ్ళు ఉంటారు. మా ఆవిడకి ఇదంతా వివరంగా చెబితే మొత్తం విని, "అంటే డబ్బు ఖర్చుపెట్టి మరీ ఓడిపోదామంటావు" అంది. కాదనలేకపోయాను. ఆమె కూడా అదే కారు నడుపుతుంది కాబట్టి ఆ మాట అనే హక్కు ఆమెకుంది.

కాగితాల సంగతి చాలామంది అడిగారు. మన దగ్గరైతే ఆర్‌సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది, మార్చాలంటే ఆర్‌టీఓ అనుమతి కావాలి. ఇక్కడ టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఉండేది కారు ఛాసిస్ నంబరే, ఇంజిన్ నంబరు ఉండదు. మిషిగన్‌లో ఏటా చేసే పొగ పరీక్ష కూడా లేదు. అలాగని ఇష్టమొచ్చినట్టు చేయకూడదు. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం దేశమంతటా చట్టవిరుద్ధమే. కారు కన్నా కొత్త సంవత్సరం ఇంజిన్ వేసి, పొగకి సంబంధించిన సామానంతా ఉంచితే ఇబ్బంది లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాను. నోట్ చేసుకున్నామన్నారు, ప్రీమియం పెంచలేదు.

ఇంజిన్ వెతకడానికి అక్టోబరంతా పట్టింది. ముందు దగ్గర్లోని ఒక పాత కార్ల యార్డులో 450 డాలర్లకి 1.8 దొరికింది. తొంభై వేల మైళ్ళు తిరిగింది, బాగా నడుస్తుండగానే తీశాం అన్నారు. ఇంటికి తెచ్చి స్టాండ్ మీదికి ఎక్కించాక లీక్‌డౌన్ పరీక్ష చేశాం. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపి ఎంత నిలుస్తుందో చూడటమే ఆ పరీక్ష. మూడు సిలిండర్లు బాగానే ఉన్నాయి. మూడో నంబర్ సిలిండర్‌కి గాలి పెట్టగానే ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి బుస్సుమని శబ్దం. అక్కడ చెయ్యి పెడితే అరచేతికి గాలి కొడుతోంది. ఆయిల్ మూత దగ్గర గాలి వస్తే రింగుల తప్పు, ఎగ్జాస్ట్‌లో వస్తే వాల్వు కాలిపోయినట్టు. ఇంజిన్ బయట ఉండగానే కొనేవాళ్ళు ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయించుకోండి. కారులో లేని ఇంజిన్‌కి మామూలు కంప్రెషన్ పరీక్ష చేయాలంటే స్టార్టర్ కావాలి, స్టార్టర్ బిగించాలంటే గేర్‌బాక్స్ కావాలి. లీక్‌డౌన్‌కి ఆ బాధ లేదు.

యార్డు వాళ్ళకి ముప్పై రోజుల గ్యారంటీ ఉంది కానీ డబ్బు వెనక్కి ఇవ్వరట, బదులు ఇంజిన్ ఇస్తారట. బదులుది వచ్చేదాకా ఆగమన్నారు. మూడు వారాలకు పైగా ఫోన్లు చేశాను, ప్రతిసారీ వచ్చే వారం అనే మాటే. చివరికి క్రెడిట్ రాయించుకున్నాను. అందులో కొంత మా వ్యాన్‌కి సైడ్ మిర్రర్‌గా మారింది, మిగతాది ఇంకా అలాగే ఉంది.

నవంబర్ మధ్యలో అదృష్టం ఒహాయో రూపంలో వచ్చింది. టొలీడో దగ్గర ఒకాయన 1995 మియాటాని విడి భాగాలుగా అమ్ముతున్నాడు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ కారు కింది ఇనుమునంతా తినేసింది. జాకీ పెడితే లోపలికి దిగిపోతోంది. కానీ ఇంజిన్ శుభ్రంగా ఉంది, మా ముందే స్టార్ట్ చేసి చూపించాడు. వెనక టోర్సెన్ డిఫరెన్షియల్ కూడా ఉంది. రెండు వెనక చక్రాలకీ లాగుడు పంచేది డిఫరెన్షియల్, ఒక చక్రం జారినా రెండోదానికి లాగుడు అందించే రకం టోర్సెన్. ఇంజిన్, రెండు మానిఫోల్డులు, డౌన్‌పైపు, ఫ్లైవీల్, డిఫరెన్షియల్, ప్రొపెల్లర్ షాఫ్ట్, రెండు యాక్సిళ్ళు మొత్తం కలిపి 1,200 డాలర్లకి బేరం కుదిరింది.

అంత వెనక సామాను ఎందుకంటే, 1.6 కార్ల డిఫరెన్షియల్ చిన్నది. లోపలి క్రౌన్ (పెద్ద పళ్ళ చక్రం) ఆరు అంగుళాలు. 94 నుంచి ఏడు అంగుళాలది వేశారు. మట్టి మీద చక్రం జారి, మళ్ళీ ఒక్కసారిగా పట్టు దొరికినప్పుడు పడే దెబ్బ చిన్న క్రౌన్‌కి మంచిది కాదు. పెద్దది వేయాలంటే అది ఒక్కటే కొంటే కుదరదు, షాఫ్టు, యాక్సిళ్ళు కూడా దానివే కావాలి. విడివిడిగా కొంటే అవే ఇంజిన్ ఖరీదు దాటుతాయి. అందుకని ఇంజిన్ ఒక్కటే వెతక్కుండా మొత్తం కారు విప్పి అమ్మేవాళ్ళని పట్టుకోండి.

పాత ఇంజిన్ దించడం థాంక్స్‌గివింగ్ సెలవుల్లో మొదలుపెట్టాం. హనుమకొండ నుంచి వచ్చి ఇక్కడ కార్ల కంపెనీలో పనిచేస్తున్న తమ్ముడు ఒకడు తోడొచ్చాడు. ఆఫీసులో బంపర్ల డిజైన్ చూస్తాడు, స్పానర్ పట్టింది మాత్రం అదే మొదలు. మియాటా బ్యాటరీ వెనక డిక్కీలో ఉంటుందని తెలియక ముందంతా వెతికి, "అన్నా, దీనికి బ్యాటరీయే లేదే!" అన్నాడు. ఆ తర్వాత ఎవరికన్నా బాగా పనిచేశాడు.

ఏసీ కంప్రెసర్‌నీ, పవర్ స్టీరింగ్ పంపునీ గొట్టాలు విప్పకుండానే పక్కకి తీసి తాడుతో కట్టేశాం. దాంతో గ్యాస్ పోలేదు, మళ్ళీ నింపించే ఖర్చు తప్పింది. రేడియేటర్ తీశాక చోటు బాగానే వచ్చింది. అసలు పరీక్ష స్టార్టర్ పై బోల్టు దగ్గర ఎదురైంది. పైనుంచి చూస్తే కనపడదు, కిందినుంచి చూస్తే చెయ్యి దూరదు. గేర్‌బాక్స్ మీదుగా మూడు ఎక్స్‌టెన్షన్లు కలిపి, వాటి మధ్య ఒక వంగే జాయింటు పెట్టి, కారు కింద వెల్లకిలా పడుకుని నేను సాకెట్ పట్టుకుంటే తమ్ముడు వెనకనుంచి తిప్పాడు. టప్పుమన్న శబ్దానికి బోల్టు విరిగిందనే అనుకున్నాం. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వదులైంది అంతే. ఆ ఒక్క బోల్టుకే ఒక పూట పోయింది.

ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే దించాం. మియాటాలో గేర్‌బాక్స్‌ని వెనక డిఫరెన్షియల్‌తో కలిపే పొడుగాటి అల్యూమినియం దూలం ఉంటుంది, అది ముందు విప్పాలి. క్రేన్ అద్దెకి తేవడమా కొనడమా అని లెక్క వేసుకుంటే, అద్దె రోజుల చొప్పున పడుతుంది, మన పని నెలల చొప్పున సాగుతుంది. 220 పెట్టి కొనేశాను. పని అయ్యాక ఇంకొకరికి అమ్మేయొచ్చు. మా మామయ్య విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీ ఇంజిన్లు చేసినవాడు. వీడియో కాల్‌లో ఆ క్రేన్ చూసి నవ్వాడు. "ఇంత చిన్నదానికి క్రేనేంట్రా, పైన దూలానికి చైన్ బ్లాక్ కట్టుకుంటే సరిపోద్దిగా" అన్నాడు. మా గరాజ్ పైకప్పు చెక్కా, జిప్సమ్ బోర్డూ అని చెబితే, "అట్టముక్కల ఇళ్ళు" అని వదిలేశాడు.

డిసెంబర్, జనవరి నెలలు ఎదురుచూపులతోనే గడిచాయి. క్లచ్ కిట్ ఆర్డర్ పెడితే స్టాక్ లేదన్నారు, చేతికొచ్చేసరికి ఐదు వారాలు. 1.6 క్లచ్ 200 మిల్లీమీటర్లు, 1.8ది 215. ఫ్లైవీల్ 1.8ది వేస్తున్నాం కాబట్టి క్లచ్ కూడా పెద్దదే కావాలి, పాతది కలవదు. ఆ ఫ్లైవీల్‌ని పాలిష్ పట్టించడానికి ఇస్తే పండగ సెలవులని అదొక రెండు వారాలు. పని పెద్దగా లేకపోయినా కారు విప్పి ఉంటే మనసులో టెన్షన్ ఉంటుంది. ఆఫీసులో కూర్చున్నా ఏ బోల్టు ఏ డబ్బాలో వేశామో గుర్తు తెచ్చుకుంటూ ఉండేవాణ్ణి. జిప్ సంచుల మీద మార్కర్‌తో పేర్లు రాయమని మా ఆవిడ మొదటి రోజే చెప్పి, ఇడ్లీ పిండి సంచుల కట్ట తెచ్చిచ్చింది. అవే కాపాడాయి.

ఈ ఖాళీలో కొత్త ఇంజిన్‌కి బయట ఉండగానే చేయాల్సినవన్నీ చేశాం: టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్రాంక్ ముందూ వెనకా సీళ్ళు, హెడ్ వెనక నీళ్ళ గొట్టాలు. హెడ్ వెనక క్యామ్ యాంగిల్ సెన్సార్ (వాల్వులు తెరిచే క్యామ్ ఇరుసు ఎంత తిరిగిందో చూసేది) కింద ఒక చిన్న రబ్బరు రింగు ఉంటుంది. రెండు మూడు డాలర్లు కూడా ఉండదు. అది గట్టిపడితే ఆయిల్ కారుతుంది, ఇంజిన్ కారులో ఉండగా మార్చాలంటే చెయ్యి పట్టని చోటు. స్టాండ్ మీద ఉండగా నిమిషాల పని.

టైమింగ్ బెల్టు వేసిన రాత్రి బయట సున్నాకి పదిహేను డిగ్రీలు కింద ఉంది. గరాజ్‌లో ప్రొపేన్ హీటర్ పెట్టుకున్నాం, పక్కన కార్బన్ మోనాక్సైడ్ అలారం, తలుపు కొంచెం తెరిచి. రెండు క్యామ్ గేర్ల మీద ఒకదానికి ఐ, ఒకదానికి ఈ అని గుర్తులుంటాయి. ఆ రెండు గుర్తుల మధ్య బెల్టు పళ్ళు సరిగ్గా 19 రావాలి. తెల్ల మార్కర్‌తో ఒక్కో పన్ను మీద చుక్క పెట్టుకుంటూ లెక్కపెట్టాను. ఫోన్ అవతల విజయవాడలో అప్పటికి ఉదయం. మామయ్య కాఫీ తాగుతూ, "గట్టిగా లెక్కపెట్టరా, నాకు వినపడాలి" అన్నాడు. పంతొమ్మిది వచ్చింది. "ఇప్పుడు చేత్తో క్రాంక్ రెండు చుట్లు తిప్పి మళ్ళీ లెక్కపెట్టు" అన్నాడు. తిప్పితే పద్దెనిమిదిన్నర దగ్గర ఆగింది, ఒక క్యామ్ స్ప్రింగుల బిగుతుకి వెనక్కి జారింది. టెన్షనర్ వదిలి మళ్ళీ బిగించాక పంతొమ్మిది నిలిచింది. ఈ ఇంజిన్లలో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, కాబట్టి తప్పినా ప్రాణం పోదు. ఆ మాట చెబితే మామయ్యకి నచ్చలేదు. "తగలదని తప్పు బిగిస్తావా?" అన్నాడు.

ఇక వైర్ల సంగతి. భయపెట్టేది ఇదే, కానీ మేం తేలిక దారి పట్టాం. కొత్త కంప్యూటర్ జోలికి పోకుండా 1990 కారు కంప్యూటర్, వైరింగ్ అలాగే ఉంచేశాం. దానికి అర్థమయ్యేవి దాని పాత సెన్సార్లే. అందుకని క్యామ్ యాంగిల్ సెన్సార్, త్రాటిల్ సెన్సార్, నీళ్ళ వేడి చూసే సెన్సార్, ఆయిల్ ప్రెషర్ మీటర్‌ది, అన్నీ పాత ఇంజిన్ నుంచి విప్పి కొత్తదానికి బిగించాం. గాలి కొలిచేది కూడా పాత రెక్క మీటరే. 94 నుంచి మాజ్దా దాన్ని వదిలేసి వేడి తీగ రకం వేసింది, మేం వేయలేదు. పెట్రోలు సరిగ్గా కలుస్తోందో లేదో చూసుకోవడానికి 180 డాలర్ల వైడ్‌బ్యాండ్ గేజ్ ఒకటి పెట్టాం. ఎవరికైనా ఇదే చెప్తాను: కంప్యూటర్ మార్చినా మార్చకపోయినా ఆ గేజ్ లేకుండా ఫుల్ త్రాటిల్ తొక్కొద్దు.

ఫిబ్రవరి చివర ఇంజిన్ ఎక్కించాం. దించిన దానికన్నా తొందరగా అయింది. గేర్‌బాక్స్ తోక కిందికి వంచి, ముందు భాగం పైకెత్తి, క్రేన్‌ని అంగుళం అంగుళం తోస్తూ మౌంట్లలో కూర్చోబెట్టాం. చిక్కంతా వెనక వచ్చింది. యాక్సిల్ చివర 29 మిల్లీమీటర్ల నట్టు ఊడింది కానీ యాక్సిల్ హబ్‌లోంచి కదల్లేదు. ముప్పై ఏళ్ళ తుప్పు పళ్ళ మధ్య పట్టేసింది. సుత్తితో కొడితే మర చెడుతుంది. విడిభాగాల షాపులో డిపాజిట్ కట్టి పుల్లర్ తెచ్చి బిగించి, తుప్పు నూనె చల్లి, రాత్రంతా అలాగే బిగుతులో వదిలేశాం. ఎడమది తెల్లవారేసరికి దానంతటదే వదిలింది. కుడిది వదలడానికి ఇంకో వారం, ఒక గ్యాస్ టార్చ్ కావాల్సి వచ్చాయి. సైలెన్సర్ వైపు బోల్టులు కూడా తుప్పుకి విరిగాయి. డౌన్‌పైపు నుంచి క్యాటలిటిక్ దాకా ఒక మఫ్లర్ షాపులో వెల్డింగ్ చేయించాను, 150.

మార్చి ఆఖరి శనివారం స్టార్ట్ చేశాం. ముందు క్యామ్ సెన్సార్ కనెక్టర్ పీకేసి, అంటే స్పార్క్, పెట్రోలు రెండూ లేకుండా, ఆయిల్ ముల్లు లేచేదాకా స్టార్టర్ మాత్రం తిప్పాం. తర్వాత కనెక్టర్ పెట్టి తాళం తిప్పితే వెంటనే అందుకుంది. మా ఆవిడ, తమ్ముడు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం చప్పట్ల కింద ఇంకో చప్పుడు వినపడుతోంది: టక్ టక్ టక్ టక్. గుండె జారిపోయింది. అది హైడ్రాలిక్ లిఫ్టర్ల (ఆయిల్ ఒత్తిడితో వాల్వుల దగ్గర సందు పూడ్చేవి) చప్పుడు. నెలల తరబడి కదలకుండా ఉన్న ఆ ఇంజిన్లు ఆయిల్ పూర్తిగా ఎక్కేదాకా అలాగే కొట్టుకుంటాయని చదివాను, అయినా ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. రోడ్డు మీద కొన్ని రోజులు తిరిగి ఒకసారి ఆయిల్ మార్చాక పోయింది.

స్పార్క్ టైమింగ్ సరిచేయడానికి బానెట్ కింద ఉన్న డయాగ్నస్టిక్ డబ్బాలో టీఈఎన్, గ్రౌండ్ అని రాసిన రెండు రంధ్రాల్ని చిన్న వైరుతో కలిపి, టైమింగ్ లైటు కొట్టి, సెన్సార్‌ని తిప్పుతూ 10 డిగ్రీలకి పెట్టాలి. ఆ వైరు పెట్టకుండా చూస్తే కంప్యూటర్ తన ఇష్టం వచ్చినట్టు జరుపుతూ ఉంటుంది, మీకు నిలకడైన అంకె దొరకదు.

ఒక చిన్న విషయం ఎవరూ ముందు చెప్పలేదు. 1.6 కార్ల క్రౌన్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు తిరిగే చుట్లు) 4.3, మేం వేసిన 95 దానిది 4.1. స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి చదువుతుంది కాబట్టి ఇప్పుడు ముల్లు అసలు వేగం కన్నా సుమారు ఐదు శాతం తక్కువ చూపిస్తోంది. హైవే మీద 70 అనుకుంటే నిజంగా పోయేది 73 పైన. గేర్‌బాక్స్ పక్కన ఉండే చిన్న ప్లాస్టిక్ గేరు మారిస్తే సరిపోతుంది, పది పదిహేను డాలర్ల సామాను. టొలీడోలో అన్నీ కొన్న రోజు ఆ ఒక్కటీ అడగలేదు, అది ఇప్పుడు ఆర్డర్‌లో ఉంది.

మే మొదట్లో మట్టి మీద దిగాం. 12 హార్స్‌పవర్ తెలిసిందా అంటే తెలియలేదు. తెలిసింది టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. పాతదానికి 100 పౌండ్-ఫీట్, అదీ 5500 ఆర్‌పీఎం దగ్గర. కొత్తదానికి 110, అదీ 5000కే. ర్యాలీక్రాస్‌లో స్టార్ట్ లైన్ దాటాక దాదాపు అంతా రెండో గేరే. ముందు ఇరుకు మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు ఇంజిన్ చచ్చినట్టయ్యేది, మొదటి గేరుకి దించాలా వద్దా అని ఆలోచించేలోపు టైము పోయేది. ఇప్పుడు ఆ ఆలోచనే లేదు, తొక్కితే వెనక్కి మట్టి లేపుకుంటూ లాక్కుపోతోంది. 4.1 క్రౌన్ వల్ల ఆ లాగుడు కొంత తగ్గే మాట నిజమే. కానీ అదే క్రౌన్ వల్ల తిన్నటి దారిలో రెండో గేరు ఇంకాస్త సాగుతోంది, మూడోది వేసి మళ్ళీ తీసే పని తప్పింది. నా లెక్కలో టైము తగ్గించింది ఇంజిన్ ఒక్కటే కాదు, సగం పేరు టోర్సెన్‌కి ఇవ్వాలి. పాత ఓపెన్ డిఫరెన్షియల్‌లో లోపలి చక్రం ఊరికే గాల్లో తిరిగేది. ఇప్పుడు రెండూ నేలని పట్టుకుంటున్నాయి. డబ్బు తక్కువుండి ఏదో ఒకటే చేయగలిగితే, ఇంజిన్ బాగున్న కారుకి ముందు డిఫరెన్షియల్ మార్చమనే చెప్తాను.

మధ్యాహ్నం బాగా ఎండకి మట్టి పిండై, దారిలో గాళ్ళు లోతుగా పడ్డాయి. ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే గోధుమ రంగు పొడి పట్టి ఉంది, భోజనాల దగ్గర దులిపి మళ్ళీ పెట్టాం. ఒకసారి గాడి అంచుకి కింద గట్టిగా తగిలింది. ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే సంప్‌కి ముందే అల్యూమినియం ప్లేటు వేశాం కాబట్టి గీత పడి ఊరుకుంది. ఈ ప్లేటు లేకుండా మియాటాతో మట్టిలోకి దిగడం అంటే ఇంజిన్‌ని పణంగా పెట్టడమే, ఎంత కష్టపడి ఎక్కించినా.

క్లాసులో కిందినుంచి రెండో స్థానం నాది. నా పైన మా ఆవిడ. రోజు మొత్తం మీద ఆమెకి ఒక్క కోన్ కూడా తగల్లేదు, నేను కొట్టినవాటికి రెండేసి సెకన్ల చొప్పున పడింది. టర్బో సుబారు ఇంజిన్ పెట్టిన ఒక కారు మమ్మల్ని చాలా దూరం వదిలేసి పోయింది, దానితో మాకు పోటీ ఏంటి. స్టాక్ రియర్‌లో నిరుడు మేం గెలిచిన కప్పు హాల్లో ఉంది. కొన్నాళ్ళు దానికి తోడు దొరకదు.

ఖర్చు ఎంతైందో పూర్తిగా చెప్పేస్తాను. టొలీడో సామాను 1,200, ట్రైలర్ అద్దె, పెట్రోలు కలిపి 110. క్రేన్, స్టాండ్ 290. క్లచ్ 230, ఫ్లైవీల్ పని 60. టైమింగ్ బెల్టు, పంపు, సీళ్ళు 190. మౌంట్లు, గొట్టాలు, గ్యాస్కెట్లు 210. ఆయిళ్ళు, కూలెంట్ 130. గేజ్ 180, వెల్డింగ్ 150. బోల్టులు, తుప్పు నూనె, హీటర్‌కి ప్రొపేన్ లాంటి చిల్లర 170. మొత్తం 2,920. యార్డులో ఇరుక్కున్న 450 ఇందులో కలపలేదు. కారు బోల్తా పడితే తలలు కాపాడే రోల్ బార్ కారుతోనే వచ్చింది, లేకపోతే ఓపెన్ టాప్ కారుకి అదొక పెద్ద ఖర్చు. ఇదే పని ఏదైనా షాపులో చేయించడానికి అడిగితే కూలి మాత్రమే నాలుగు వేలకు తక్కువ ఎవరూ చెప్పలేదు.

పాత 1.6 హెడ్, ఇంజెక్టర్లు, ఆల్టర్నేటర్ కొన్నవాళ్ళున్నారు, 380 వచ్చాయి. చిన్న డిఫరెన్షియల్‌ని తన స్టాక్ కారుకి స్పేర్‌గా పెట్టుకుంటానని పుల్లీ చూపించిన పెద్దాయన తీసుకెళ్ళాడు, ఆయన దగ్గర డబ్బు తీసుకోలేదు. బ్లాక్, పాడైన క్రాంక్ ఇంకా గరాజ్ మూల ఉన్నాయి. పాత ఇనుము కొనేచోట పౌండుకి ఇచ్చే సెంట్లు చూస్తే తీసుకెళ్ళే పెట్రోలుకి కూడా రావు. జూన్ ఈవెంట్‌కి ముందు వాటిని బయటికి పంపాలని ఇంట్లో గడువు పెట్టారు. అప్పటికి స్పీడోమీటర్ గేరు కూడా రావాలి.